ఉచిత శిబిరంలో ఇచ్చే చెవి మిషన్: మిషన్‌కు నాలుగు మార్కులు, రబ్బరు బొడిపెకు ఒకటి

శిబిరంలో ఉచితంగా ఇచ్చిన చెవి మిషన్ చాలా, లేక బయట వేలు పోసి కొనాలా? వరంగల్, హనుమకొండ, ములుగు వైపు తల్లిదండ్రులకు వచ్చే మొదటి ప్రశ్న ఇది. మిషన్ చాలామంది పిల్లలకు సరిపోతుంది. డబ్బాలో దాంతోపాటు వచ్చే, చెవి రంధ్రంలో దూర్చే రబ్బరు బొడిపె మాత్రం పిల్లల చెవికి పనికిరాదు. ఐదు మార్కులకు వేస్తే మిషన్‌కు నాలుగు, బొడిపెకు ఒకటి. పిల్లగాడు మిషన్ తీసి పారేస్తున్నాడని బీరువాలో పెట్టేసే ముందు ఆ బొడిపెను అనుమానించాలి. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందు మిషన్ వచ్చే దారి. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే కాన్పూర్ అలిమ్కో సంస్థ ద్వారా పంపిణీ జరుగుతుంది. బడి పిల్లలకైతే ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్ష వాళ్లు శిబిరం పెడతారు. మొదట పరీక్షల శిబిరం, కొన్నాళ్లకు పంపిణీ శిబిరం. ఆధార్, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, ఫొటోలు తీసుకుపోవాలి. ఒకసారి మిషన్ తీసుకుంటే మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరని అందరూ అనుకుంటారు. అది పెద్దల నిబంధన. 12 ఏళ్ల లోపు పిల్లలకు గడువు ఒక్క ఏడాదే. ఇది తెలియక పాడైన మిషన్‌తో రెండేళ్లు నెట్టుకొచ్చే ఇళ్లున్నాయి.

చెవి వెనుక కూర్చునే ఈ డిజిటల్ మిషన్లలో కొన్నింటిని కంప్యూటర్‌తో ప్రోగ్రామ్ చేస్తారు, కొన్నింటికి చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పే ట్రిమ్మర్ ఉంటుంది. ఏదైనా ఆ పిల్లల ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీత) చూసి, ఏ చెవికి ఆ చెవి సెట్ చేయాలి. రద్దీ శిబిరంలో అంత తీరిక దొరకదు. కాబట్టి మిషన్ చేతికి రాగానే ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణుడు) దగ్గరికి పోయి సెట్టింగ్ చూపించుకోండి. షాపుకు పోతే ఫిట్టింగ్ చేసే వ్యక్తికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి. వినికిడి లోపం 90 డెసిబెళ్లు దాటితే ఎంత పవర్ ఉన్న మిషన్ పెట్టినా సన్నని పలుకులు అందకపోవచ్చు. ఆ పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) గురించి ఐదేళ్లు నిండకముందే అడగాలి. ఏడిప్‌లోనూ, ఆరోగ్యశ్రీలోనూ ఆ ఆపరేషన్ ఉంది.

ఇక బొడిపె. మిషన్ పెంచిన శబ్దం సన్నని గొట్టం గుండా చెవిలోకి పోతుంది. బొడిపె వదులుగా ఉంటే ఆ శబ్దం బయటికి కారి, మిషన్ మైకులోకి తిరిగి చేరి కుయ్‌మని కూత పెడుతుంది. ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? వాల్యూమ్ తగ్గిస్తారు. కూత ఆగుతుంది, దాంతోపాటు పిల్లకు వినబడాల్సిన మాట కూడా పోతుంది. అందుకే కూత ఆగింది కదా అని నిమ్మళంగా ఉండొద్దు. కూతకు మందు వాల్యూమ్ తగ్గించడం కాదు, చెవి కొలతకు మెత్తటి సిలికాన్‌తో చేయించిన మౌల్డ్, అంటే ఆ చెవి అచ్చుకు సరిపోయే బొడిపె.

మౌల్డ్ కొలత తీసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. ముందు లైటుతో చెవి లోపల చూడాలి. గులిమి ఉంటే తీయాలి, చీము కారుతుంటే కొలత ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. తర్వాత దారం కట్టిన చిన్న దూది లేదా స్పాంజి ముక్కను చెవి నాళం రెండో మలుపు దాటించి పెట్టాలి. అది లేకుండా పేస్టు ఎక్కిస్తే కర్ణభేరి దాకా పోయే ప్రమాదం ఉంది. ఆ ముక్క పెట్టని చోట కొలత ఇవ్వకండి. రెండు రకాల సిలికాన్ ముద్దలు సమంగా కలిపి సిరంజితో నింపుతారు. పిల్లను అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, ఒక చేత్తో తల, ఇంకో చేత్తో రెండు చేతులూ పట్టుకోవాలి. నాలుగైదు నిమిషాల్లో గట్టిపడుతుంది. గోరుతో నొక్కితే గుంట నిలవకపోతే తయారైనట్టు. తీశాక దారంతో సహా ముక్క బయటికొచ్చిందో లేదో చూసి, చెవి లోపల మళ్లీ లైటు వేయాలి.

మౌల్డ్ వచ్చాక కూడా కూత వస్తే మొదట పై భాగం చూడండి. చెవి డొప్ప పైన మడత ఉంటుంది కదా, మౌల్డ్ పై కొస ఆ మడత కిందికి దూరాలి. హడావిడిగా తొడిగితే అది బయటే ఉండిపోతుంది. డొప్పను కొంచెం పైకీ వెనక్కీ లాగి, మౌల్డ్ తిప్పుతూ పెడితే కూర్చుంటుంది. అది సరిగ్గానే ఉండి కూత వస్తుంటే గొట్టం పసుపుపచ్చబడి గట్టిపడిందా, చీలిందా చూడాలి. గొట్టం మూడు నుంచి ఆరు నెలలకు మార్చాల్సిందే. ఎదిగే పిల్లల చెవి కూడా ఎదుగుతుంది కాబట్టి చిన్నవాళ్లకు అదే లెక్కన కొత్త మౌల్డ్ కావాలి. ఈ ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపం మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలీ యావర్ జంగ్ ప్రాంతీయ కేంద్రం ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. పరీక్షలకూ మౌల్డ్‌కూ ఆ ప్రయాణం దండగ కాదు.

కడగడానికి మౌల్డ్‌ను గొట్టంతో సహా మిషన్ కొక్కెం నుంచి విడదీసి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, గొట్టంలోకి గాలి ఊది, రాత్రంతా ఆరనివ్వాలి. మిషన్‌కు నీళ్లు తగలొద్దు. వానకాలంలో గొట్టంలో ఒక్క చెమట బొట్టు అడ్డం పడ్డా శబ్దం ఆగిపోతుంది, మిషన్ చెడిపోయిందని అనుకుంటారు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచి వేసి, సెల్లు (బ్యాటరీ) తలుపు తెరిచి, రాత్రి మిషన్ అందులో పెట్టండి. మేడారం జాతరకు పోతే జంపన్న వాగులో స్నానానికి ముందే తీసి డబ్బాలో పెట్టాలి, జేబులో కాదు.

సెల్లు సంగతి. నీలం స్టిక్కర్ ఉన్నది 675, పెద్ద పవర్ మిషన్లకు. నారింజ రంగుది 13. ఇవి జింక్ ఎయిర్ సెల్లులు, గాలి తగిలితేనే పనిచేస్తాయి. స్టిక్కర్ పీకి రెండు మూడు నిమిషాలు ఆగి పెట్టాలి. ఒకసారి పీకాక మళ్లీ అంటించినా లాభం లేదు. ఈ సెల్లు చివరిదాకా బాగానే ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఒకటి బడిలో టీచరు దగ్గర ఉండాలి. చిన్నపిల్లల మిషన్‌కు తాళం పడే సెల్లు తలుపు అడిగి తీసుకోండి. సెల్లు మింగితే ఏమీ కాలేదు కదా అని ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, వెంటనే దవాఖానకు పోవాలి.

రోజూ పొద్దున రెండు నిమిషాల పరీక్ష ఒకటుంది. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనే ఆరు శబ్దాలు. పిల్ల వెనుక మీటరు దూరంలో నిలబడి, మామూలు గొంతుతో, వరుస మార్చి, మధ్యలో ఆగుతూ పలకాలి. వినబడితే పిల్ల ఒక గింజ గిన్నెలో వేయాలి. తర్వాత మూడు మీటర్లకు జరగండి. ఒకే లయలో పలికితే పిల్ల వినకుండా ఊహించి వేస్తుంది. నిన్నటిదాకా ఆరూ విని ఈ రోజు ఒక్కటీ వినకపోతే సెల్లు, లేదా గొట్టంలో నీరు. మ్, ఊ విని స్, ష్ మాత్రం ఎప్పుడూ వినకపోతే సెట్టింగ్ మార్పించాలి. ఆ పిల్లకు సద్ది అన్న మాట అద్దిలా, సల్ల అల్లలా చేరుతుంది. ఈ ఆరింటి ఫలితం క్యాలెండరు మీదే రాసి ఆడియాలజిస్ట్‌కు చూపిస్తే, బాగా వినట్లేదు అని చెప్పడం కన్నా వందరెట్లు మేలు.

మిషన్ తర్వాతి పనికి మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది. అక్కడి ఐఈఆర్‌పీలు (ప్రత్యేక టీచర్లు) విడిగా కూర్చోబెట్టి నేర్పుతారు, రవాణా, ఎస్కార్ట్ (తోడు వచ్చేవారి) భత్యాలకు దరఖాస్తు కూడా వాళ్ల ద్వారానే. ఉచితం, దగ్గర. తప్పక వాడుకోవాల్సిన సేవ. లోటు ఏమిటంటే ఒకే టీచరు అన్ని రకాల వైకల్యాల పిల్లలనూ చూడాలి. ఆయన ప్రత్యేక బీఈడీ వినికిడి లోపం విభాగంలో చేశారా, సైగ భాష వచ్చా అని అడగండి. లేకపోతే ఆ భాగం ఇంట్లో మీరే అందుకోవాలి.

సైగలు నేర్పితే మాట రాదనే భయం మన దగ్గర ఇంకా బలంగా ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. మౌల్డ్ కోసం ఎదురుచూసే నెలల్లో కూడా పిల్లకు ఒక భాష కావాలి. ఢిల్లీలోని భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 మాటల వీడియో నిఘంటువు చేసింది, ఫోన్లో ఉచితం. కేంద్ర ప్రభుత్వ విద్యా టీవీ పీఎం ఈ-విద్య 31వ చానల్ 2024 డిసెంబరు నుంచి పూర్తిగా సైగ భాషకే. రెంటిలో ఇంటికి నిఘంటువే ఎక్కువ ఉపయోగం. వారానికి పది మాటలు, అన్నం, నీళ్లు, నొప్పి, భయం లాంటివి ముందు, ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి. నాయనమ్మ కూడా. బతుకమ్మ, సకినాలు లాంటి మన మాటలకు ఇక్కడి బధిర పెద్దలు ఏ సైగ వాడతారో వాళ్లనే అడగండి. సెప్టెంబరు 23 అంతర్జాతీయ సైగ భాషల దినం, చాలా ఏళ్లు బతుకమ్మకు అటూ ఇటూ వస్తుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి పిల్లలను బధిర పెద్దల మధ్య కూర్చోబెట్టడానికి మంచి అదను.

బడిలో చివరిగా ఒక కొలత. దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెళ్లు పడుతుంది. మీటరు దూరంలో 65 ఉన్న టీచరు గొంతు నాలుగు మీటర్లకు 53 అవుతుంది, పైన ఫ్యాను మోత వేరే. అందుకని మొదటి లేదా రెండో వరుస, ఫ్యాను కిందా కిటికీ పక్కనా కాకుండా, టీచరు ముఖం మీద వెలుతురు పడే వైపు సీటు అడగండి. బోర్డు వైపు తిరిగి చెప్పిన నోట్సును పక్క పిల్లల పుస్తకం చూసి రాసుకోనివ్వమని టీచరుతో ముందే మాట్లాడి ఉంచండి.