రొయ్యల గుంటలు అమ్మి పైలట్ కోర్సా, ఎన్‌డీఏనా, ఏటీసీనా?

కావలిలో మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజనీరింగ్ వద్దంట, పైలటే అవుతాడంట. 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర హైవే మీదకి ఎయిర్‌ఫోర్స్ విమానాలు దిగినట్టే దిగి, రోడ్డుకు తగలకుండా లేచిపోయాయే, అప్పటి నుంచీ ఇదే పిచ్చి. "ఏంది బామ్మర్దీ, రొయ్యల గుంటలు అమ్మేద్దామా?" అని మా బావ అడిగాడు. వద్దన్నాను, కనీసం ఇప్పుడే వద్దన్నాను.

సొంత డబ్బుతో సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, తెచ్చుకోవాలంటే 200 గంటలు విమానం నడపాలి, డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పేపర్లు ఒక్కోదాంట్లో 70 శాతం తెచ్చుకోవాలి. చదువు కష్టమే కానీ అసలు కష్టం అది కాదు. కోర్సుకు అటూఇటూగా 50 లక్షలు, ఆపైన ఎయిర్‌బస్ లాంటి పెద్ద విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఇంకో 15, 20 లక్షలు. బ్యాంకులో 60 లక్షలు 11 శాతానికి తెచ్చామనుకోండి, నెలకు వడ్డీయే 55 వేలు, పిల్లోడికి ఉద్యోగం ఉన్నా లేకపోయినా. లైసెన్స్ చేతికొచ్చిన రోజే ఉద్యోగం రాదు. ఇండిగో, ఎయిరిండియా 2023లో వందల విమానాలకు ఆర్డరిచ్చిన మాట నిజమే, 2019లో జెట్, 2023లో గో ఫస్ట్ విమాన సంస్థలు ఆగిపోయిన మాటా నిజమే. కెప్టెన్ జీతాల రీల్స్ చూపించేవాళ్లు ఈ రెండో సంగతి చెప్పరు.

ఎన్‌డీఏ, అంటే సైన్యం అధికారులను తయారుచేసే అకాడమీలో, శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే, అమ్మాయిలూ రాయొచ్చు. కోర్సు మొదలయ్యేనాటికి పదహారున్నర, పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్యలోనే ఉండాలి కాబట్టి వీడికి వయసు సరిగ్గా ఇప్పుడే. రాతపరీక్ష దాటితే అయిదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ, దానితోపాటు పైలట్లకు విడిగా మెషిన్ మీద చేసే ఒక పరీక్ష. అందులో ఒకసారి పోతే జీవితంలో మళ్లీ కూర్చోనివ్వరు. ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కాళ్ల పొడవు కూడా కొలుస్తారు (మావాడు రెండింటికీ సరిపోతాడులెండి). కానీ అది సైన్యం, నాలుగేళ్లు చూసి మానేస్తానంటే కుదరదు. యూనిఫాం మీద మనసుంటేనే వెళ్లాలి, ఉచితంగా విమానం నేర్పిస్తారని కాదు.

ఏటీసీ, అంటే నేలమీద నుంచి విమానాల రాకపోకలు నడిపించే ఉద్యోగం, గురించి మన జిల్లాలో ఎవరూ పట్టించుకోరు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ ఇంజనీరింగ్ గానీ చేసి, 27 ఏళ్లలోపు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయొచ్చు. మూలవేతనం 40 వేలతో మొదలు, అలవెన్సులు అదనం. నైట్ షిఫ్టులుంటాయి, టెన్షన్ ఉంటుంది, విమానం మాత్రం నడపరు. వాడు మొహం మాడ్చుకున్నది ఇక్కడే.

నన్నడిగితే ఈ రెండేళ్లు ఎన్‌డీఏ రాయాలి, పక్కన బీఎస్సీ సాగాలి. రాకపోతే డిగ్రీ ఎలాగూ ఉంటుంది, ఏటీసీ ఉంటుంది, డిగ్రీవాళ్లు ఎయిర్‌ఫోర్స్‌కు రాసే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష కూడా ఉంటుంది. సీపీఎల్‌కు 18 నిండితే చాలు, పాతికేళ్లకు మొదలెట్టినా 65 దాకా నడపొచ్చు, తొందరేముంది? లైసెన్స్ వచ్చాక రెండు మూడేళ్లు ఉద్యోగం లేకపోయినా వడ్డీ కట్టుకోగలిగిన ఇల్లయితే మాత్రం నేరుగా సీపీఎల్‌కే పోవచ్చు. మా బావది ఆ ఇల్లు కాదు, ఒక్క పంటకు వైరస్ తగిలితే మేతల షాపు బాకీ కూడా తీరదు.

ఏ దారికైనా ముందు మెడికల్. కళ్లజోడున్నా సీపీఎల్‌కు పెద్ద అడ్డం కాదు, రంగులు సరిగ్గా తెలియకపోతే మాత్రం కష్టం. పైగా ఉద్యోగమొచ్చాక కూడా ఏటా మెడికల్ పాసవ్వాలి. చెన్నైలో డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టర్లున్నారు, క్లాస్ 2 పరీక్ష (పైలట్ కోర్సుకు మొదటి మెడికల్) చేస్తారు. బావతో ఆదివారం మాట్లాడాను, గుంటల బేరం ఆపి ముందు ఆ అపాయింట్‌మెంట్ తీసుకోమన్నాను.