ఫోర్ట్ స్టీవెన్స్ తీరంలో బస: క్యాబినా, యర్టా?

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, కొలంబియా నది సముద్రంలో కలిసే చోట, అంతర్యుద్ధ కాలంలో కట్టిన కోట చుట్టూ విస్తరించిన ఫోర్ట్ స్టీవెన్స్ ఉద్యానవనంలో విశ్రాంతిగా గడపదలచినవారు సాధారణంగా చెక్క క్యాబిన్‌కూ, యర్ట్ అనే గుండ్రని డేరా ఇంటికీ మధ్య ఊగిసలాడుతుంటారు.

ఖర్చు: క్యాబిన్‌కు ఎక్కువ, యర్ట్‌కు తక్కువ.

శ్రమ: క్యాబిన్‌లో స్నానాల గది, చిన్న వంటగది లోపలే ఉంటాయి. యర్ట్‌లో విద్యుత్తు, వెచ్చదనం, మంచాలు ఉన్నా లోపల వంట చేయకూడదు. మరుగుదొడ్డికి రాత్రివేళ వానలోనైనా బయటికి నడవాలి. దుప్పట్లు మాత్రం రెండింటికీ మనమే తీసుకెళ్లాలి.

ఇబ్బంది: ఇక్కడి శీతాకాలం గాలివానలది. గుడ్డ గోడల మీద వాన చప్పుడు కొందరికి జోల, తేలికగా మేల్కొనేవారికి జాగారం. నాకైతే యర్ట్ పైకప్పు నడుమ ఉండే పారదర్శక గుమ్మటం గుండా ఆకాశాన్ని చూస్తూ పడుకోవడమే ఎక్కువ ఇష్టం.

1906లో ఒడ్డుకెక్కిన పీటర్ ఐరెడేల్ నౌక తుప్పుపట్టిన అస్థిపంజరాన్నీ, 1942 జూన్ 21 రాత్రి జపాన్ జలాంతర్గామి ఫిరంగి గుండ్లు కురిపించిన రసెల్ ఫిరంగి స్థావరాన్నీ పగలంతా తిరిగి చూసేవారికి గది తేడా పెద్దగా తెలియదు. పసిపిల్లలు, వృద్ధులు వెంట ఉన్నా, చలికాలంలో వెళ్తున్నా క్యాబిన్‌కే మొగ్గండి. వేసవిలో ఇద్దరు ముగ్గురు మిత్రులకు యర్ట్ చాలు.