స్కానింగా, యాపా, కేటలాగా? గ్రంథాలయానికి విద్యార్థి ప్రాజెక్టుల్లో ఏది మేలు?

గ్రంథాలయానికో, పాత దస్త్రాల భాండాగారానికో ఉపయోగపడే ప్రాజెక్టు చేయాలని విద్యార్థులు కూర్చుని ఆలోచిస్తే మూడు ప్రతిపాదనలు తరచుగా వస్తాయి. పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడదామని ఒకరంటారు. మంచి యాప్ తయారు చేద్దామని మరొకరంటారు. కేటలాగు, అంటే గ్రంథాలయంలో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా, సరిచేద్దామనే మాట వస్తే చివరన, కాస్త మెల్లగా వస్తుంది. నా ఓటు ఆ చివరి మాటకే. అయితే మిగిలిన రెండింటినీ కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. వాటికి తగిన సందర్భాలు వాటికున్నాయి.

నా కొలబద్ద ఒకటే. విద్యార్థి ప్రాజెక్టుకు ఆయుష్షు తక్కువ. సెమిస్టర్ ముగుస్తుంది, పరీక్షలు వస్తాయి, బృందం తలా ఒక దిక్కుకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఎవరూ చేయి పెట్టకపోయినా పాఠకుడికి ఆ పని ఉపయోగపడుతూనే ఉందా? మెచ్చుకోలు, మార్కులు, ప్రారంభోత్సవం ఫొటోలు ఈ ప్రశ్న తర్వాతే.

ఈ కొలతకు ముందుగా తేలిపోయేది యాప్. ఫోన్ల సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా యాప్‌నూ మార్చాలి. సర్వర్‌కు ఏటా డబ్బు కట్టాలి. పాస్‌వర్డ్ తెలిసిన విద్యార్థి ఉద్యోగంలో చేరి ఊరు మారితే గ్రంథాలయం చేతిలో మిగిలేది తెరుచుకోని గుర్తు ఒక్కటే. పైగా చాలా గ్రంథాలయాలకు కొత్త సాఫ్ట్‌వేర్ అవసరమే లేదు. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ నేడు ఎన్నో దేశాల్లో నడుస్తోంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం, హెచ్‌పీ కంప్యూటర్ సంస్థ కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ డిజిటల్ పత్రాలను భద్రపరచడానికి ఉంది. రెండూ ఉచితం, రెండింటి కోడూ అందరికీ అందుబాటులో ఉంది. వీటిని పెట్టుకుని చక్కగా నడిపించడంలో సాయపడితే అదే పెద్ద మేలు.

కోడ్ రాయడం వచ్చిన బృందానికి ఇంతకన్నా మంచి పని ఒకటుంది. ఐదుగురు పాఠకులను ఒక్కొక్కరిగా గ్రంథాలయం వెతుకుడు పేజీ ముందు కూర్చోబెట్టి, ‘ఈ విషయం మీద ఒక పుస్తకం పట్టుకోండి’ అని చెప్పి, సాయం చేయకుండా పక్కన కూర్చుని చూడండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ మీటను అపార్థం చేసుకున్నారో రాసుకోండి. పెద్ద లోపాలు బయటపడటానికి ఐదుగురు చాలునని వెబ్‌సైట్ల వినియోగాన్ని అధ్యయనం చేసిన జేకబ్ నీల్సన్ 2000లోనే వాదించారు. అలా తయారైన నాలుగు పేజీల నివేదిక ఒక యాప్ కన్నా ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఇక స్కానింగ్. దీని ఆకర్షణ నాకు బాగా అర్థమవుతుంది. 1971లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లోకి ఎక్కించి పదిమందికీ అందించడంతోనే, పుస్తకాలను ఉచితంగా ఈ-పుస్తకాలుగా అందించే గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు మొదలైంది. విద్యార్థి పని ప్రపంచాన్ని మార్చగలదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అయితే ఆయన ఎక్కించింది పేజీల బొమ్మలను కాదు, అక్షరాలను. అందుకే ఆ పాఠంలో ఏ మాటనైనా వెతకవచ్చు, ఏ యంత్రంలోనైనా చదవవచ్చు. నేడు చాలా ప్రాజెక్టులు బొమ్మల దగ్గరే ఆగిపోతున్నాయి.

బొమ్మల లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఏ4 పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే, కుదించని ఫైలు దాదాపు 26 మెగాబైట్లు. 300 పేజీల పుస్తకానికి ఎనిమిది గిగాబైట్లకు చేరువవుతుంది. దాన్ని కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచాలి, ఫైలు చెడిపోలేదని అప్పుడప్పుడు సరిచూడాలి. ఈ భారమంతా విద్యార్థులు వెళ్లిపోయాక గ్రంథపాలకుల నెత్తిన పడుతుంది. కాపీరైటు చిక్కు కూడా ఉంది. రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు హక్కు ఉండాలని కాపీరైటుపై కుదిరిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందం చెబుతుంది. చాలా దేశాల్లో అది 70 ఏళ్లు. పుస్తకం పాతగా కనిపించినంత మాత్రాన అందరికీ పంచే హక్కు వచ్చేయదు.

ఇన్ని చెప్పినా, స్కానింగే ముందు జరగాల్సిన సందర్భాలున్నాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి చెక్క గుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉండిపోయి, కాలం గడిచేకొద్దీ అది పెళుసెక్కుతుంది. పేజీ తిప్పితే మూల విరిగి చేతిలోకి వస్తుంది. అలాంటి కాగితం మీద ఉన్న ఏకైక ప్రతి, రాతప్రతి, ఫొటోల సంపుటి మీ ముందుంటే వేరే ఆలోచన వద్దు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, వీలైనంత తక్కువగా తాకుతూ స్కాన్ చేయండి. ఇతర గ్రంథాలయాల్లోనూ దొరికే పుస్తకానికి మాత్రం మీ సెమిస్టర్‌ను ఖర్చు పెట్టకండి.

ఇప్పుడు కేటలాగు సంగతి. ఏదైనా ఒక బీరువా తెరిచి, అందులోని పుస్తకాలను కేటలాగులోని రికార్డులతో పోల్చి చూస్తే సమస్య కళ్లకు కడుతుంది. ఒకే రచయిత ఒక రికార్డులో ఇంటిపేరుతో, మరో రికార్డులో పొడి అక్షరాలతో, ఇంకో చోట ‘వెంకట’ బదులు ‘వేంకట’తో ఉంటారు. కంప్యూటర్‌కు వాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఒకరి పుస్తకాలు వెతికే పాఠకుడికి మూడో వంతే కనబడి, మిగిలినవి లేవనుకుని వెళ్లిపోతాడు. అట్ట మీది పేరొకటి, లోపలి ముఖపత్రం మీది పేరొకటి అయితే, రికార్డు చేసినవారు అట్టనే నమ్మి ఉంటారు. పునర్ముద్రణ సంవత్సరం మొదటి ముద్రణ స్థానంలో కూర్చుంటుంది. అనువాదకుల పేరు ఎక్కడా ఉండదు. పదేళ్ల పత్రిక సంచికలను కలిపి కుట్టిన లావుపాటి సంపుటానికి ‘పాత పత్రికలు’ అన్న రెండే మాటలు దక్కుతాయి. ఆ సంపుటం కోసమే ఎక్కడో ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి వెతుకుతూ ఉండవచ్చు. అది బీరువాలోనే ఉంది, కానీ అతనికి లేనట్టే. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

దీన్ని సరిచేయడానికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. 1995లో అమెరికాలోని డబ్లిన్ అనే పట్టణంలో జరిగిన కార్యశాలలో మొదలైన డబ్లిన్ కోర్ అనే వివరాల నమోదు పద్ధతిలో పదిహేను అంశాలే ఉన్నాయి: శీర్షిక, కర్త, విషయం, తేదీ, భాష, హక్కులు వంటివి. కొత్తవారు కూడా త్వరగా నేర్చుకుంటారు. కొద్దిపాటి తేడాలతో రాసిన పేర్లను గుంపులుగా చేసి చూపడానికి ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాధనం ఉంది. ఆ పేర్లు ఒకే మనిషివా, ఇద్దరివా అన్న నిర్ణయం మాత్రం పుస్తకం చేతిలో పట్టుకుని మనుషులే చేయాలి. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో నాలుగోది చెబుతుంది. నాలుగు పేర్లను ఒకటిగా కలిపిన విద్యార్థి, ఆ సూత్రాన్ని ఆచరణలో పెట్టినట్టే.

పురాలేఖల, అంటే భాండాగారాల్లోని పాత దస్త్రాల దగ్గర జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. ఉత్సాహం కొద్దీ కట్టలు విప్పి కాగితాలను తేదీల వారీగా సర్దేయకూడదు. ఎవరి కాగితాలు వారివిగా, వారు పెట్టుకున్న వరుసలోనే ఉండాలన్నది ఆ వృత్తిలో మూలసూత్రం. ఏ ఉత్తరం ఏ ఫైల్లో ఉందన్నదే ఒక్కోసారి అసలు సాక్ష్యం. ప్రతి కాగితాన్నీ వర్ణించాలని కూర్చుంటే పెట్టెలు ఏళ్లకేళ్లు మూతపడే ఉంటాయని, ముందు స్థూలంగా వర్ణించి పాఠకులకు తెరవాలని అమెరికా పురాలేఖ నిపుణులు మార్క్ గ్రీన్, డెనిస్ మైస్నర్ 2005లో గట్టిగా వాదించారు. ఆ సలహా విద్యార్థులకు అచ్చంగా సరిపోతుంది. ఒక్కో పెట్టెకు ఒక్కో పేరా చాలు: ఎవరి కాగితాలు, ఏ సంవత్సరాలవి, ఉత్తరాలా లెక్కల పుస్తకాలా, ఎన్ని కట్టలు.

కేటలాగు తర్వాత రెండో స్థానం నేను స్కానింగ్‌కు ఇవ్వను, పాఠాన్ని అందుబాటులోకి తెచ్చే పనికి ఇస్తాను. బొమ్మగా ఉన్న పేజీని చూపులేని పాఠకులకు తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు. వారికి ఆ పుస్తకం తెల్లకాగితమే. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ పెడితే అక్షరాలు వస్తాయి గానీ ‘మ’, ‘య’లు తారుమారవుతాయి, వత్తులు ఎగిరిపోతాయి. ఒకరు దిద్దాక మరొకరు సరిచూడాలి. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం వికీసోర్స్‌లో జరిగేది అదే. పని పేజీల వారీగా ఉంటుంది కాబట్టి ఒక విద్యార్థి మధ్యలో వెళ్లిపోయినా ఆగదు. చూపు సమస్యలున్నవారి కోసం చదవగలిగే రూపంలో పుస్తకాలు తయారు చేసుకునే వెసులుబాటును 2013 నాటి అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందం కల్పించింది. అది 2016లో అమల్లోకి వచ్చింది. ప్రతి దేశంలోనూ ఎవరు చేయవచ్చో నిబంధనలుంటాయి, గ్రంథాలయం ద్వారానే సాగండి. ఏ పుస్తకాలు కావాలో మాత్రం ముందు ఆ పాఠకులనే అడగండి. మనకు గొప్పగా తోచిన గ్రంథం కన్నా రేపటి పరీక్ష పుస్తకం వారికి ఎక్కువ అవసరం కావచ్చు.

కేటలాగు పనిలో లోపం లేదా అంటే, ఉంది. విసుగు పుడుతుంది. మూడో వారానికి బృందంలో సగం మంది రావడం తగ్గుతుంది. మార్కులు వేసేవారికి చూపించడానికి మెరుపేమీ ఉండదు. అందుకే గ్రంథాలయం మొత్తాన్ని తలకెత్తుకోకుండా పూర్తి చేయగలిగిన ఒక్క సేకరణను ఎంచుకోవాలి: ఎవరో విరాళంగా ఇచ్చిన పుస్తకాలు, లేదా ఒకే పత్రిక సంచికలు. మొదలుపెట్టే ముందు గ్రంథపాలకులను అడిగి, పాఠకులు వెతికి దొరక్క వెనుదిరిగిన పది ప్రశ్నలు సేకరించండి. పని ముగిశాక అవే ప్రశ్నలతో మళ్లీ వెతకండి. ఎన్ని దొరికాయన్నదే మీ ఫలితం, అది ఏ పరీక్షకుడికైనా చూపించవచ్చు. పది రికార్డులకు ఒకటి చొప్పున గ్రంథపాలకులు సరిచూసేలా ముందే ఒప్పించుకుంటే, తప్పులు పేరుకోకముందే పట్టుబడతాయి.

ఏ ప్రాజెక్టు ఎంచుకున్నా చివరి రెండు వారాలు అప్పగింతకే కేటాయించండి. సమాచారమంతా ఎందులోనైనా తెరుచుకునే సీఎస్‌వీ ఫైళ్లలో, అంటే సాదా అక్షరాల పట్టికల్లో ఉండాలి. ఖాతాలు విద్యార్థుల పేర్ల మీద కాకుండా గ్రంథాలయం పేరు మీద ఉండాలి. పేర్లు ఏ పద్ధతిలో రాశారో, సందేహం వచ్చినప్పుడు ఎలా తేల్చారో, ఏ బీరువా దగ్గర ఆపారో రెండు పేజీల్లో రాసి, అచ్చు తీసి గ్రంథపాలకుల చేతికివ్వండి. వచ్చే ఏటి బృందం ఆ తర్వాతి బీరువా నుంచి మొదలుపెడుతుంది.