హెసరఘట్ట గడ్డిలో ఎర్ర జీనువాయి

ఎర్ర జీనువాయి అనే చిన్న పిట్టను చూడాలనే కోరికతో నవంబరులో అక్క కూతుర్ని వెంటబెట్టుకొని బెంగళూరుకు వాయవ్యాన ఉన్న హెసరఘట్టకు వెళ్లాను. నగరానికి తూర్పున ఉన్న మారతహళ్లిలో తెల్లవారుజామున బయలుదేరినా నగరం దాటేసరికి ఎండెక్కుతుందని, ముందురోజు సాయంత్రమే చేరి చెరువుకు దగ్గరలోని ఒక తోట బసలో దిగాము. గది శుభ్రంగా ఉంది, రాత్రి వడ్డించిన రాగి ముద్ద, ఆకుకూర సారు కమ్మగా ఉన్నాయి. అయితే పక్షులను చూపిస్తానని మాటిచ్చిన మనిషి ఉదయం రాలేదు. అతని రుసుమును బిల్లులో వేసి, అడిగాక తీసివేశారు.

అర్కావతి నదిపై 1894లో కట్టిన ఈ చెరువును చాలామంది గట్టు మీదినుంచే చూసి వెళ్లిపోతారు. గట్టు దిగి, నీటికీ పచ్చికకూ నడుమ జమ్ము పెరిగిన తడి నేల అంచున కదలకుండా నిలబడాలి. అరగంట తరువాత పది పన్నెండు పిట్టలు ఒక్కసారిగా గడ్డిలోకి దిగాయి.

"పిన్నీ, ఇవి పిచ్చుకలే కదా?" అంది పిల్ల.

అవి ఆడపిట్టలు. వెలిసిన గోధుమరంగులో ఉండటం వల్ల చాలామంది ఇలాగే పొరబడతారు. తోక మొదట్లోని ఎరుపును, ఎర్రటి ముక్కును బైనాక్యులర్‌లో చూపించాను. దీన్ని పోలిన చిన్న పిట్టల్లో వెండిముక్కు మునియాకు తోక మొదట్లో తెలుపు ఉంటుంది, చుక్కల మునియా పొట్టపై పొలుసుల్లాంటి గుర్తులుంటాయి. ఇంతలో మా ఎదుటి కంకి మీద మగపిట్ట వాలింది. పది సెంటీమీటర్ల ఒంటినిండా కుంకుమ ఎరుపు, దాని మీద తెల్ల నువ్వులు చల్లినట్లు చుక్కలు, కంటి దగ్గర నల్లని గీత. గింజను ముక్కులో అటూ ఇటూ తిప్పి, పొట్టు రాల్చి మింగుతుంటే మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాము.

ఈ ఎరుపు వానాకాలంలో మొదలయ్యే జోడు కట్టే కాలానికే పరిమితం. తరువాత మగదీ ఆడదానిలాగే వెలిసిపోతుంది, ఏప్రిల్ నాటికి ముక్కు కూడా నల్లబడుతుంది. అందుచేత వేసవిలో వెళ్లేవారు తోక మొదటినే చూడాలి. అహమ్మదాబాదు నుంచి పంజరాల్లో ఎగుమతి కావడం వల్లే దీనికి ఆంగ్లంలో అవడవాట్ అనే పేరు వచ్చిందని చెప్పినప్పుడు పిల్ల ముఖం చిన్నబోయింది.

గడ్డి కోసుకుంటున్న ఒక పెద్దాయన, చెరువు ఎగువన పిట్టలు ఇంకా ఎక్కువగా దిగుతాయని చెప్పారు. ఈసారి బస మానుకొని, చీకటితోనే కారులో నేరుగా అక్కడికే వెళ్తాము.