కమాండ్ సెంటరా, బస్సు యాపా: హైదరాబాద్‌కు ఏది మేలు?

కేంద్రం 2015లో మొదలుపెట్టిన స్మార్ట్ సిటీ మిషన్‌లో తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్ ఎంపికయ్యాయి, హైదరాబాద్ కాలేదు. అలాగని 1591 నాటి ఈ నగరానికి డిజిటల్ హంగులేం తక్కువ కాలేదు. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్, అంటే నగరంలోని కెమెరాల దృశ్యాలను ఒకేచోట తెర మీద చూసే కేంద్రం, ప్రారంభమైంది. గొలుసు లాక్కుపోయినవాడి బండి ఏ సందులోంచి ఏ రోడ్డెక్కిందో కెమెరాలు వరసగా చూసి పట్టుకోవచ్చు. నిమజ్జనం రోజు ఊరేగింపు ఎక్కడ ఆగిపోయిందో సెంటర్‌లో కూర్చునే చెప్పొచ్చు. ఇవి చిన్న లాభాలు కావు. కాకపోతే గట్టి వాన పడితే రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లను కెమెరా చూపిస్తుందే గానీ, నాలాలో పూడిక తీయదు. పైగా ఆ తెర ముందు కూర్చునేది అధికారులు. మామూలు మనిషికి కెమెరాతో పరిచయమయ్యేది ఎక్కువగా ఫొటోతో సహా వచ్చే ఈ-చలాన్ రూపంలోనే.

ఆర్టీసీ 2023 ఆగస్టులో తెచ్చిన గమ్యం యాప్ సంగతి వేరు. బస్సు ఎక్కడుందో ఇక్కడ మనమే చూసుకుంటాం. సాయంత్రం కోఠిలో పటాన్‌చెరు వెళ్లే 218 కోసం నిలబడ్డవాళ్లను గమనించండి. బస్సు కనపడగానే రోడ్డు మీదికి దిగడం, బోర్డు చదివి మనది కాదని మళ్లీ ఫుట్‌పాత్ ఎక్కడం. ఇంకా పది నిమిషాలు పడుతుందని ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది, ఈలోగా ఒక ఇరానీ చాయ్ కూడా అయిపోతుంది. లోటు ఎక్కడంటే, బస్సు ఎక్కడుందో తెలుస్తుంది, లోపల కాలు పెట్టే చోటుందో లేదో తెలియదు. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక అసలు ప్రశ్న అదే.

నా ఓటు మాత్రం బస్సు యాప్‌కే. కెమెరా అవసరం మనకు ఎప్పుడో పడుతుంది, బస్సుతో పని రోజూ రెండు పూటలా ఉంటుంది. నైట్ షిఫ్ట్ దిగి చీకటి సందులో ఇంటికి నడిచే అమ్మాయి దీనికి ఒప్పుకోకపోవచ్చు, ఆమెకు కెమెరాయే ముందు. అదీ న్యాయమే.

ఇక స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల మాటేమిటి? తర్వాతి రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో మెట్రో ప్లాట్‌ఫామ్ మీద తెర చూపిస్తుంది. బస్సుల జీపీఎస్ సమాచారం ఎలాగూ ఉంది కాబట్టి కోఠి, మెహిదీపట్నం లాంటి రద్దీ స్టాపులన్నింట్లో అలాంటి తెర పెట్టొచ్చు. అక్షరాలు మాత్రం తెలుగులో, ఉర్దూలో, దూరం నుంచి కనపడేంత పెద్దగా ఉండాలి.