ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత ఇంటికి కొనే సామాను: ఏది పనికొస్తుంది, ఏది దండగ

మూత్రనాళం గుండా పరికరం పంపి, పెరిగిన ప్రొస్టేట్ గ్రంథిని కరెంటుతో తొలిచే టీయూఆర్‌పీ అయినా, అదే పని లేజర్‌తో చేసే హోలెప్ అయినా, డిశ్చార్జి రోజున ఇంటివాళ్ళు మందుల షాపు ముందు నిలబడి హడావుడిగా చాలా కొనేస్తారు. అందులో సగం ఇంట్లో మూలన పడి ఉంటుంది. నిజంగా కావలసిన చిన్న వస్తువు అర్ధరాత్రి గుర్తొస్తుంది. ఈ సమీక్ష ఆ కొనుగోళ్ళ గురించే. మందుల చీటీ డాక్టరుగారిది, అందులో ఏముంటే అదే వాడాలి.

ఈ ఆపరేషన్‌కు బయట కుట్లుండవు, కట్టు ఉండదు. గాయమంతా లోపల, పెరిగిన గ్రంథిని తొలిచేసిన చోట ఉంటుంది. అక్కడ కొత్త పొర పూర్తిగా కమ్ముకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అప్పటిదాకా లోపలి పరిస్థితిని మూత్రం రంగు, ధార మాత్రమే చెబుతాయి. ముక్కడం, బరువులెత్తడం వల్ల ఆ గాయం మళ్ళీ రేగుతుంది. అందుకని ప్రతి వస్తువునూ రెండే ప్రశ్నలతో చూశాం. మూత్రం రంగును కంటికి కనబడనిస్తుందా? లోపలి గాయం మీద ఒత్తిడి, రాపిడి తగ్గిస్తుందా? ఈ రెండింటిలో ఏదీ చేయని వస్తువుకు డబ్బు పెట్టక్కర్లేదు.

యూరిన్ బ్యాగ్

మూత్రం బయటికి రావడానికి మూత్రాశయంలోకి వేసే పైపును (కేథటర్) చాలామందికి ఆసుపత్రిలోనే 1 నుంచి 3 రోజుల్లో తీసేస్తారు. తీశాక మూత్రం రానివాళ్ళను, లేదా మూత్రాశయానికి ఇంకొన్నాళ్ళు విశ్రాంతి కావాలని డాక్టరుగారు అనుకున్నవాళ్ళను పైపుతోనే ఇంటికి పంపుతారు. వాళ్ళకు అన్నింటికన్నా ముఖ్యమైన వస్తువు 2000 మి.లీ. మామూలు బ్యాగే. రోమ్సన్స్, పాలీమెడ్ లాంటి కంపెనీల బ్యాగులు జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి సర్జికల్ షాపుల్లో అన్ని రకాలూ ఉంటాయి. దీని మీద అచ్చేసిన ఎమ్మార్పీకీ అమ్మే ధరకూ చాలా తేడా ఉంటుంది, కాబట్టి అడిగి తగ్గించుకోండి.

కంపెనీ పేరు కన్నా చూడాల్సినవి నాలుగున్నాయి. మొదటిది, బ్యాగులోకి పైపు దిగేచోట మూత్రం వెనక్కి పోకుండా ఆపే కవాటం. ప్యాకెట్ మీద నాన్ రిటర్న్ వాల్వ్ అని రాసి ఉండాలి. రెండోది, కింద ఖాళీ చేసే కొళాయి. అది లేని బ్యాగును ప్రతిసారీ పైపు నుంచి ఊడదీయాలి, ఊడదీసిన ప్రతిసారీ క్రిములకు దారి ఇచ్చినట్టే. మూడోది, ట్యూబు మడత పడితే మూసుకుపోకుండా ఉండే గట్టిదనం. షాపులోనే వేలికి చుట్టి చూడండి. నాలుగోది, లోపలి రంగు స్పష్టంగా కనబడే ప్లాస్టిక్కు. గంటగంటకూ కొలిచే గట్టి డబ్బా ఉన్న యూరో మీటర్ బ్యాగ్ ఐసీయూ కోసం చేసింది. దానికి ధర ఎక్కువ, ఇంట్లో పని తక్కువ.

మంచి బ్యాగు కూడా వాడకంలో తేడా వస్తే మొరాయిస్తుంది. ఎక్కువగా జరిగేది ఇది: ట్యూబు కిందికి వేలాడి, బ్యాగు కన్నా దిగువన వంపు తిరుగుతుంది. ఆ వంపులో మూత్రం నిలిచి, పైన గాలి చిక్కుకుని ధార ఆగిపోతుంది. పైపు మూసుకుపోయిందని ఇల్లంతా కంగారుపడుతుంది. ట్యూబును మంచం మీద అడ్డంగా పరిచి, అక్కడి నుంచి నేరుగా బ్యాగులోకి దించితే చాలు. రెండో తప్పు, నడిచేటప్పుడు బ్యాగును లుంగీ ముడిలో దోపుకోవడం, ఆటోలోనో కారులోనో ఒళ్ళో పెట్టుకోవడం. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కన్నా దిగువనే ఉండాలి, అయితే నేలకు తగలకూడదు. ఇంట్లో దివాన్ మంచానికి తగిలించే చోటుండదు. అలాంటప్పుడు కడిగిన ఖాళీ బకెట్ పక్కన పెట్టి, దాని అంచుకు బ్యాగు తగిలించడం మంచి పద్ధతి. కొళాయి కారినా నేల పాడవదు.

బ్యాగు మూడింట రెండొంతులు నిండేసరికి ఖాళీ చేయండి. అంచుదాకా నిండితే ఆ 2 కిలోల బరువు పైపును లాగుతుంది, పైపు జారిపోకుండా లోపల ఉబ్బించి ఉంచే బెలూన్ మూత్రాశయం మెడ మీద ఒత్తుకుంటుంది. పోటు, రక్తం అక్కడే మొదలవుతాయి. ఖాళీ చేసే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. కొళాయి కొస కింది పాత్రకు తగలనివ్వకండి. 5 నుంచి 7 రోజులకో బ్యాగు మార్చితే సరిపోతుంది. రోజూ మార్చడం శుభ్రత కాదు, అనవసరంగా గొట్టం విప్పడం.

లెగ్ బ్యాగ్ అని తొడకో పిక్కకో కట్టుకునే 500 - 750 మి.లీ. సంచి ఉంది. ప్యాంటు వేసుకుని బయట తిరిగేవాళ్ళకు నిజంగా స్వేచ్ఛనిస్తుంది. కానీ పైపు వారం దాటి ఉండేట్టయితేనే కొనండి. చిన్న ఊళ్ళలో దొరకదు, ముందే తెప్పించుకోవాలి. రాత్రిపూట లెగ్ బ్యాగ్ ఊడదీయకుండా, దాని కింది కొళాయికే పెద్ద బ్యాగు ట్యూబు తగిలిస్తే మధ్యలో నిద్ర లేవక్కర్లేదు. ఎలాస్టిక్ పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. అంతకన్నా బిగిస్తే కాలు వాస్తుంది.

పైపును తొడకు పట్టించే పట్టీ

ఎవరూ అడిగి కొనరు గానీ మేం పూర్తి మార్కులు ఇచ్చేది దీనికే. ఆపరేషన్ తర్వాత వేసే మూడు దారుల ఫోలీ పైపు (కొసన బెలూన్ ఉండే కేథటర్) 20 నుంచి 24 ఫ్రెంచ్ సైజులో ఉంటుంది. 3 ఫ్రెంచ్ అంటే 1 మి.మీ. అంటే అది దాదాపు 7, 8 మి.మీ. లావు. అంత లావు పైపు కదిలినప్పుడల్లా లోపల గీసుకుంటుంది. వెల్క్రో పట్టీ అయితే తొడ పైభాగాన కట్టి, పైపు కాస్త వదులుగా ఉండేట్టు పట్టించవచ్చు. రోజూ వైపు మార్చవచ్చు. రెండంగుళాల మైక్రోపోర్ టేపుతోనూ నడుస్తుంది, కానీ చెమటకు ఊడుతుంది, తీసేటప్పుడు వెంట్రుకలు లాగుతుంది.

పైపు పక్కనుంచి కొంచెం మూత్రం కారడం, ఉండుండి పొత్తికడుపులో గట్టిగా మెలిపెట్టినట్టు రావడం మూత్రాశయం బిగుసుకోవడం వల్ల. దానికి మాత్రలున్నాయి, డాక్టరుగారిని అడగండి. పైపు పక్కన కారుతూ, బ్యాగులోకి మాత్రం ఏమీ రాకపోతే అది వేరే సంగతి. మడతలు సరిచేసి, బ్యాగు దించి చూడండి. అప్పటికీ రాకుండా పొట్ట ఉబ్బుతుంటే రక్తపు గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నేర్పించకుండా ఇంట్లో సిరంజితో సెలైన్ కొట్టడం, పైపు లాగడం చేయకండి.

పైపు శరీరంలోకి దిగేచోట శుభ్రానికి మామూలు సబ్బు, నీళ్ళు రోజుకు రెండుసార్లు చాలు. డెటాల్, పౌడర్ అక్కడికి పనికిరావు.

డైపర్లు, ప్యాడ్లు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పైపు తీశాక కొన్నాళ్ళు మూత్రం ఆపుకోలేకపోవడం, లేచేలోపు చుక్కలు పడడం మామూలే. ఏళ్ళ తరబడి అడ్డంకితో పోరాడిన మూత్రాశయం నెమ్మదించడానికి కొన్ని వారాలు, కొందరికి 3 నెలలు పడుతుంది. దానికి టేపు డైపర్లు అక్కర్లేదు. ఫ్రెండ్స్, డిగ్నిటీ లాంటి బ్రాండ్ల టేపు డైపర్లు మంచంలోంచి లేవలేనివాళ్ళ కోసం చేసినవి. మన ఎండాకాలంలో గజ్జల్లో ఒరుపు వస్తుంది. పైగా రంగు, పరిమాణం రెండూ దాచేస్తాయి.

డ్రాయరులో పెట్టుకునే ప్యాడ్ చాలు. మగవాళ్ళ కోసం చేసినవి దొరక్కపోతే ఆడవాళ్ళ పెద్ద సైజు శానిటరీ ప్యాడ్ చుక్కలకు సరిపోతుంది, ముందుభాగం మీదికి వచ్చేట్టు అంటించాలి. తెల్లటి ప్యాడ్ కాబట్టి రక్తం జాడ కూడా తెలుస్తుంది. బస్సు ప్రయాణానికి, రివ్యూకి పోయే రోజుకు డ్రాయరులా తొడుక్కునే పుల్ అప్ రకం 10 ఉన్న ప్యాకెట్ ఒక్కటి కొనండి. సైజు నడుము కొలతతో తీసుకోండి. పెద్దదైతే ఎక్కువ పీలుస్తుందనుకుంటారు, కానీ తొడల సందుల్లోంచి కారుతుంది.

ప్యాడ్ల ఖర్చు తగ్గించేది వ్యాయామం. పైపు తీశాకే మొదలుపెట్టాలి. గ్యాస్ పోకుండా బిగబట్టినట్టు కింది కండరాలను 5 సెకన్లు బిగించి, 5 సెకన్లు వదలాలి. ఒక్కో విడతకు 10 సార్లు, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగించినా, పొట్ట, తొడలు బిగుసుకున్నా లెక్కలోకి రాదు.

పరుపు కోసం వాడి పారేసే అండర్ ప్యాడ్ల కంటే ఒక మీటరు రబ్బరు షీటు, దానిపైన పాత పంచె మేలు. ఉతికితే మళ్ళీ వాడుకోవచ్చు.

యూరిన్ పాట్

మూత కలిగి, కొలత గీతలున్న లీటరు ప్లాస్టిక్ పాట్ కొనండి. పారదర్శకంగా ఉన్నదే తీసుకోండి. స్టీలుది గట్టిదే, కానీ అందులో రంగు తెలియదు. బాత్‌రూమ్‌లో పోసుకుంటే అంతా నీళ్ళలో కలిసిపోతుంది. రెండు వారాలపాటు రోజుకు ఒకట్రెండుసార్లయినా పాట్‌లో పోసి చూడాలి. టైము, మి.లీ., రంగు ఒక పుస్తకంలో రాస్తే రివ్యూలో డాక్టరుగారికి అంతకన్నా పనికొచ్చే కాగితం లేదు.

పలుచని గులాబీ రంగు 4 నుంచి 6 వారాలదాకా వస్తూ పోతూ ఉండవచ్చు. 10 నుంచి 14 రోజుల మధ్య, అంతా తేటపడ్డాక ఉన్నట్టుండి ఎరుపు వచ్చి భయపెడుతుంది. లోపలి పక్కు ఊడడమే చాలాసార్లు కారణం. పడుకుని నీళ్ళు ఎక్కువ తాగితే కొన్ని గంటల్లో పలచబడాలి. పలచబడక చిక్కగా ఉన్నా, గడ్డలు పడుతున్నా, ధార ఆగినా, 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటి చలిజ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోకండి. గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్ళు రోజుకు 2 నుంచి 2.5 లీటర్లు తాగాలి, రాత్రి 7 దాటాక తగ్గించాలి.

విరేచనం సాఫీగా అయ్యే మందులు

ముక్కితే గాయం మీద నేరుగా ఒత్తిడి పడుతుంది, కాబట్టి దీన్ని ముందే ఇంట్లో ఉంచండి. ఇసబ్గోల్ చవక, మంచిది. ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి జిగురు పట్టకముందే తాగేయాలి, పైన ఇంకో గ్లాసు తాగాలి. నీళ్ళు తక్కువైతే లోపల గట్టిపడి మలబద్ధకం పెరుగుతుంది. మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. ఫలితానికి 1 నుంచి 3 రోజులు పడుతుంది. డుఫలాక్ లాంటి లాక్టులోజ్ సిరప్‌కూ 1, 2 రోజులు పడుతుంది, మొదట్లో గ్యాస్ చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు అడిగి వాడాలి. క్రెమాఫిన్‌లో పారాఫిన్ ఉంటుంది. పని చేస్తుంది, కానీ మంచంలో పడుకునే ఉండే పెద్దవాళ్ళకు తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముంది. ఎనిమా సొంతంగా వద్దు. ప్రొస్టేట్ వెనకే ఆనుకుని మలాశయపు ముందు గోడ ఉంటుంది.

కొనక్కర్లేనివి

గాలి నింపే రింగు దిండు దండగ. కింద కుట్లు లేవు, కాపాడాల్సిన గాయం సీటు మీద లేదు. మెత్తటి కుర్చీ చాలు. స్కూటరు, బైకు మాత్రం 4 వారాలు ముట్టుకోకండి. గతుకుల్లో సీటు కుదుపు లోపలి గాయానికి తగులుతుంది. 4, 5 కిలోలు మించిన బరువు, అంటే నిండు నీళ్ళ బిందె కూడా, 6 వారాలు ఎత్తకూడదు.

మూత్రంలో మంటకు సిట్రాల్కా, సైటల్ లాంటి సిరప్‌లు అలవాటుగా కొంటారు. అందులో సోడియం ఉంటుంది. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు అడగకుండా తాగొద్దు. మంట రెండు మూడు వారాల్లో తనంతట తగ్గుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం జలుబు మాత్రలతో. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ ఉన్న జలుబు, దగ్గు మందులు మూత్రాన్ని బంద్ చేయగలవు. షాపులో అడిగేటప్పుడు ప్రొస్టేట్ ఆపరేషన్ అయిందని తప్పకుండా చెప్పండి. నొప్పికి పారాసిటమాల్ ఉంటే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ జోలికి పోకండి, రక్తస్రావం పెరుగుతుంది. ఆపిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు) మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో చీటీలో తేదీ వేయించుకోండి.

ఇక బిల్లులో ఇప్పటికే డబ్బు కట్టేసి, తెచ్చుకోవడం మరిచిపోయేది ఒకటుంది. తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు. మామూలు వాపు అనుకున్నవాటిలో కొన్నింటిలో క్యాన్సర్ బయటపడేది ఆ కాగితంలోనే. ల్యాబ్ రసీదు నంబరు డిశ్చార్జి ఫైలులో పెట్టుకుని, మొదటి రివ్యూకి రిపోర్టు చేతిలో ఉండేట్టు చూసుకోండి.