జాగ్రత్త: 1.3 అంగుళాల ఓఎల్ఈడీ డిస్‌ప్లేలు కొనబోతున్న హ్యామ్ మిత్రులకు

సొంతంగా రిగ్గులు, అంటే రేడియో సెట్లు, కట్టుకునే హ్యామ్ (అభిరుచి రేడియో) మిత్రులందరికీ నమస్కారం. చిన్న ఓఎల్ఈడీ డిస్‌ప్లేలు ఆన్‌లైన్‌లో (చుక్కలు వాటంతటవే వెలిగే తెరలు) ఆర్డర్ పెట్టబోతుంటే కాసేపు ఆగి ఇది చదవండి. ముఖ్యంగా నలుగురూ కలిసి ఒకేసారి ఎక్కువ తెప్పించుకుందామనుకుంటున్న వాళ్లు.

వైజాగ్‌లో మేం కొంతమందిమి కలిసి 40 మీటర్ల బ్యాండుకి (7 మెగాహెర్ట్జ్) క్యూఆర్‌పీ, అంటే తక్కువ పవర్, సెట్లు కట్టుకుంటున్నాం. ఆర్డునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఎస్ఐ5351 చిప్‌తో వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీ మార్చే భాగం), ఫ్రీక్వెన్సీ చూపించడానికి ఒక చిన్న ఓఎల్ఈడీ. ఒకేసారి కొంటే ధర కలిసొస్తుందని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర పది డిస్‌ప్లేలు తెప్పించాం. ఆ పేజీలో ఉన్నది ఇదీ: తెరని నడిపే చిప్ ఎస్ఎస్‌డీ1306, సరుకు పూర్తిగా కొత్తది, ఫొటోలో పిన్నుల వరుస జీఎన్‌డీ (గ్రౌండ్), వీసీసీ (ప్లస్సు సప్లై), ఎస్‌సీఎల్, ఎస్‌డీఏ (సంకేతాల తీగలు). పార్సిల్ విప్పాక చూస్తే ఈ మూడింటిలో ఒక్కటీ నిలబడలేదు.

అన్నిటికన్నా ప్రమాదమైనది పిన్నుల వరుస. వచ్చిన బోర్డుల మీద మొదటి పిన్ను వీసీసీ, రెండోది జీఎన్‌డీ. ఫొటో చూసి మేం ముందే పీసీబీలు (సర్క్యూట్ బోర్డులు) చేయించేశాం. గాజువాక నుంచి వచ్చే ఇంజినీరింగ్ కుర్రాడు ఒకడు, ఈమధ్యే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో పేరు) తెచ్చుకున్నాడు, తన బోర్డులో డిస్‌ప్లే గుచ్చి కరెంటు ఇచ్చాడు. తెర వెలగలేదు. వెనకవైపు 662కే అని రాసి ఉండే మిరియపు గింజంత రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపులో ఉంచే భాగం) వేలు పెట్టలేనంత వేడెక్కింది. ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి మరి. ఆ మాడ్యూల్ మళ్లీ లేవలేదు. కుర్రాడి తప్పు ఇందులో ఏమీ లేదు, అమ్మకందారు పెట్టిన ఫొటోనే నమ్మాడు. కాబట్టి ఫొటోలో ఏమున్నా సరే, చేతికొచ్చిన బోర్డు మీద అచ్చయిన అక్షరాలు చదవకుండా కరెంటు ఇవ్వకండి. పీసీబీ గీసేది కూడా మాడ్యూల్ చేతికొచ్చాకే గీయండి. రెండు రకాల వరుసలూ మార్కెట్లో తిరుగుతున్నాయి.

రెండోది చిప్. మిగిలిన వాటిని వైర్లతో సరిగ్గా కలిపి, ఎస్ఎస్‌డీ1306 లైబ్రరీతో (సిద్ధంగా దొరికే కోడ్‌తో) నడిపితే తెర నిండా మంచు కురిసినట్టు చుక్కలు. ఇంకో లైబ్రరీతో బొమ్మ వచ్చింది గానీ, మొత్తం రెండు చుక్కలు ఎడమకి జరిగింది, కుడి అంచున రెండు నిలువు గీతల చెత్త మిగిలింది. ఆ రెండు గీతలు కనిపిస్తే అది ఎస్‌హెచ్1106 అని గట్టిగా అనుకోవచ్చు. దాని లోపలి మెమరీ 132 నిలువు వరుసలది, గాజు మీద కనిపించేవి 128, అవి మధ్యలో ఉంటాయి. పైగా ఎస్ఎస్‌డీ1306లో ఉండే హారిజాంటల్ అడ్రసింగ్ (ఒక వరుస నిండాక తనంతట తానే తర్వాతి దానికి వెళ్లే) పద్ధతి దీనికి లేదు. 1.3 అంగుళాల తెరలు చాలావరకు ఎస్‌హెచ్1106తోనే వస్తాయి, అది చెడ్డ చిప్ ఏమీ కాదు. యూ8జీ2 లైబ్రరీలో కన్‌స్ట్రక్టర్ లైన్ (ఏ చిప్పో చెప్పే లైను) ఒక్కటి మారిస్తే చక్కగా పనిచేస్తుంది. అలాంటప్పుడు ఆ మాట పేజీలో రాయడానికి అమ్మకందారుకి వచ్చిన ఇబ్బందేమిటి? కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు తమ కోడ్‌లోనే తప్పుందనుకుని రాత్రుళ్లు కూర్చుని వెతుక్కుంటున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఒక విషయంలో మాత్రం అమ్మకందారు మీదికి వెళ్లకండి. వెనకవైపు అడ్రస్ హెక్స్ (పదహారు అంకెల లెక్క) 78 అని ఉండి, స్కాన్ చేస్తే హెక్స్ 3సీ వస్తే అది మోసం కాదు. ఎనిమిది బిట్ల లెక్కలో 78, ఏడు బిట్ల లెక్కలో 3సీ, రెండూ ఒకటే. ఎస్ఐ5351 సాధారణంగా హెక్స్ 60 మీద ఉంటుంది కాబట్టి రెండూ ఒకే ఐ2సీ (చిప్పులు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) తీగల మీద గొడవ లేకుండా ఉంటాయి.

ఇక 'కొత్త సరుకు' సంగతి. హెక్స్ ఏ5 అనే కమాండ్ పంపితే మెమరీలో ఏమున్నా పట్టించుకోకుండా తెరలోని చుక్కలన్నీ వెలుగుతాయి. గదిలో లైటు తీసేసి అలా వెలిగించి చూస్తే, మూడు తెరల మీద మధ్యలో ఒక పెద్ద అంకె, పక్కన శాతం గుర్తు మసగ్గా కనబడ్డాయి. ఓఎల్ఈడీలో ఎక్కువకాలం వెలిగిన చుక్కలు మిగతావాటికన్నా మందగిస్తాయి. అంటే ఇవి ఎక్కడో ఏదో పరికరంలో చాలాకాలం పనిచేసి, ఊడబెరికి, మళ్లీ బోర్డుకి అతికించి పంపినవి. హెక్స్ ఏ4 పంపితే తెర మామూలు స్థితికి వస్తుంది. ఈ పరీక్షకి రెండు నిమిషాలు చాలు, పార్సిల్ విప్పిన రోజే చేయండి, ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది రొద. మాది డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్, అంటే రేడియో సిగ్నల్‌ని నేరుగా ఆడియోగా మార్చేది. యాంటెనా తీసేసి, డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) పెట్టి హెడ్‌ఫోన్లో వింటే గరగరమని ఆగకుండా ఒక మోత. తెర ఆర్పే హెక్స్ ఏఈ, వెలిగించే హెక్స్ ఏఎఫ్ కమాండ్లను ఒక బటన్‌కి కట్టాను. నొక్కితే తెర ఆరుతుంది, ఆ క్షణంలోనే చెవిలో నిశ్శబ్దం. మళ్లీ నొక్కితే మోత తిరిగొస్తుంది. సన్నటి అంకెలు ఉంటే కొంచెం తక్కువ, వెలిగే పట్టీ మీద నల్ల అక్షరాలు పెడితే బాగా ఎక్కువ. 7 మెగాహెర్ట్జ్‌లో దూరం నుంచి వచ్చే సీడబ్ల్యూ (మోర్స్ సంకేతాలు) అందులో మునిగిపోతోంది.

న్యాయంగా చెప్పాలంటే ఈ గుణం ఓఎల్ఈడీలన్నిటికీ కొంత ఉంటుంది. ఆ చుక్కలు వెలగడానికి 3.3 వోల్టులు చాలవు, బోర్డు మీదే దాన్ని పెంచే స్విచింగ్ సర్క్యూట్ ఉంటుంది. పైగా 64 అడ్డ వరుసలను ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తూ పోతుంది కాబట్టి కరెంటు విడతలు విడతలుగా లాగుతుంది. ఆ కుదుపు సప్లై తీగ వెంట ఆడియో ఆంప్లిఫయర్‌లోకి వెళ్తుంది. కానీ ఈ సరుకులో రెగ్యులేటర్ పక్కన కెపాసిటర్ ఉండాల్సిన చోట ఉత్త ప్యాడ్లే ఉన్నాయి. నా దగ్గరున్న పాత 0.96 అంగుళాల తెర అవే తీగల మీద పెడితే మోత చెవికి ఆనలేదు.

ఇప్పటికే కొనేసినవాళ్లకి పనికొచ్చిన మందు: 5 వోల్టుల సప్లైలో డిస్‌ప్లేకి ముందు 22 ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, పక్కనే 0.1 మైక్రోఫారడ్‌ది ఇంకొకటి. డిస్‌ప్లే గ్రౌండ్ తీగ ఆడియో దశ గుండా కాకుండా నేరుగా సప్లై దగ్గరికి తీసుకెళ్లండి. డయల్ తిప్పినప్పుడు మాత్రమే తెరకి రాయండి. దీంతో రొద చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు.

అమ్మకందారుకి రాస్తే 'మీ కోడ్ తప్పు, రిటర్న్ లేదు' అని ఒక్క ముక్క. రూపాయల్లో చూస్తే ఇది పెద్ద నష్టం కాదు, అందుకే చాలామంది వదిలేస్తారు. వదలొద్దు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, సరుకు లోపంతో వచ్చినా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మేం పేజీ స్క్రీన్‌షాట్, పిన్నుల ఫొటో, ఏ5 వీడియో జతచేసి ఫిర్యాదు పెట్టాం. కోడ్ తప్పు అనేవాడికి పిన్నుల ఫొటో ఒక్కటి చాలు, అచ్చయిన అక్షరాలు ఏ కోడూ మార్చలేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డప్పుడు ఫోన్లు మూగబోయిన ఊరు మనది. బ్యాటరీ మీద నడిచే చిన్న సెట్ ఇక్కడ కాలక్షేపం వస్తువు కాదు. దాని మీద తెర అవసరానికి వెలగాలి, చెవికి అడ్డం రాకూడదు.

ఇంకో మాట. 0.96 అంగుళాల్లో పసుపు, నీలం ఉన్న తెరని 'కలర్ డిస్‌ప్లే' అని ఎక్కువ ధరకి అంటగడుతున్నారు. పైన 16 వరుసలు ఎప్పుడూ పసుపే, కింద 48 ఎప్పుడూ నీలమే, రంగు మార్చడం కుదరదు.

ఎక్కువ కావాలన్నా ముందు ఒక్కటే తెప్పించి, రిసీవర్ పక్కన పెట్టి విని, ఆ తర్వాతే మిగతావి కొనండి. మాకు వచ్చిన సరుకు గుర్తులు ఇవి: నీలం బోర్డు, మొదటి పిన్ను వీసీసీ, రెగ్యులేటర్ పక్కన ఖాళీ ప్యాడ్లు. ఇలాంటిది మీకూ వచ్చి ఉంటే సోల్డర్ పెట్టకుండా ఫొటో తీసి కింద పెట్టండి, మా ఫిర్యాదుకి జతచేస్తాం.